పిల్లలకు గుండెల్లో నొప్పి: ఏ వరుసలో చూడాలి, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలి

"పిలకాయ గుండెల్లో నెప్పంటన్నాడు సార్" అని తల్లి వచ్చిందంటే ఆమె మనసులో ఉన్నది గుండెపోటే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో "గుండెలు" అంటే ఎద మొత్తం. బిడ్డ చెయ్యి పెట్టి చూపించేది పక్కటెముక కావచ్చు, బొడ్డు పైభాగం కావచ్చు, అప్పుడే మొలుస్తున్న రొమ్ము మొగ్గ కావచ్చు. ఛాతీ నొప్పితో వచ్చే పిల్లల్లో నూటికి 95 మందికి గుండెలో ఏ లోపమూ ఉండదు. మిగిలిన ఆ కొద్దిమందిని జారవిడవకుండా పట్టుకోవడానికే ఈ వరుస. ఇది పీహెచ్‌సీ డాక్టర్లకు, విలేజ్ క్లినిక్‌లో కూర్చునే ఎంఎల్‌హెచ్‌పీలకు (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లకు), ఏఎన్‌ఎంలకు. మందుల మోతాదులు వాళ్ళ కోసమే. ఏ ప్రశ్నలు వేయాలో తల్లిదండ్రులూ, హాస్టల్ వార్డెన్లూ చదివి పెట్టుకుంటే మంచిది.

ముందే ఒక హెచ్చరిక. పెద్దవాళ్ళకు నొప్పి వస్తే నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ బిళ్ళ, నీళ్ళలో కలిపే డిస్ప్రిన్ ఇంట్లో ఉన్నాయి కదా అని పిల్లలకు వేయకండి. మొదటిది బీపీని పడగొడుతుంది. రెండోది వైరల్ జ్వరంలో కాలేయానికి, మెదడుకు ముప్పు తెస్తుంది, డెంగీ అయితే రక్తస్రావాన్ని పెంచుతుంది.

మొదటి రెండు నిమిషాలు

ఓపీ చీటీ రాయకముందే బిడ్డను చూడాలి. ఒక వాక్యం ఆగకుండా చెప్పలేకపోతున్నాడా? డొక్కలు ఎగరేస్తున్నాడా? పెదాలు, గోళ్ళు నీలంగా ఉన్నాయా? అరచేతులు, పాదాలు చల్లగా, చెమటగా ఉన్నాయా? ఛాతీ ఎముక మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 3 సెకన్లు దాటుతోందా? వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టండి. చెయ్యి చల్లగా ఉంటే అంకె తప్పు వస్తుంది, రుద్ది వెచ్చబరిచి మళ్ళీ చూడాలి. 94 కంటే తక్కువైతే ఆ బిడ్డను ఇంటికి పంపే ప్రశ్నే లేదు. 90 కంటే తగ్గితే ముందు ఆక్సిజన్, తర్వాతే మిగతావి.

వీటిలో ఏది కనపడినా 108కి ఫోన్ చేసి, బిడ్డ ఎలా కూర్చుంటే సుఖంగా ఉందో అలాగే ఉండనివ్వండి. ఆయాసపడే బిడ్డను బలవంతంగా వెల్లకిలా పడుకోబెట్టడం ఎక్కువగా జరిగే తప్పు.

నాడి లెక్కకు అందనంత వేగంగా ఉంటే, అంటే చంటిబిడ్డలో 220, పెద్దపిల్లల్లో 180 దాటి ఒకే తీరుగా పరుగెడుతుంటే, అది భయం వల్ల వచ్చిన దడ కాకపోవచ్చు. ఈసీజీ తీసి పెట్టుకుని, చంటిబిడ్డకైతే ఐసు ముక్కలు, నీళ్ళు పోసిన ప్లాస్టిక్ కవరును నుదురు, బుగ్గల మీద 15 సెకన్లు ఆనించాలి. ముక్కు, నోరు మూయకూడదు. పెద్దపిల్లవాడైతే ఖాళీ 10 మి.లీ. సిరంజిలోకి, పిస్టన్ కదిలేట్టు, 15 సెకన్లు ఊదించి, వెంటనే పడుకోబెట్టి రెండు కాళ్ళూ పైకెత్తాలి. తగ్గినా తగ్గకపోయినా పెద్దాసుపత్రికి పంపాల్సిందే.

ఎక్కడ అని కాదు, ఎప్పుడు అని అడగండి

ఎక్కడ నొప్పి అంటే పిల్లలు ఎడమవైపే చూపిస్తారు, గుండె అక్కడ ఉంటుందని బడిలో చదివారు కాబట్టి. అందుకే "నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నావు నాయనా?" అన్నదే మొదటి ప్రశ్న. అది తల్లిని కాదు, బిడ్డనే అడగాలి.

పరుగు మధ్యలో, కబడ్డీ కూత పెడుతుండగా, బావిలో ఈత కొడుతుండగా నొప్పి వచ్చి ఆగిపోయాడంటే దాన్ని గుండె కిందే లెక్కవేయాలి, కాదని తేలేదాకా. ఆట మొదలైన 5, 10 నిమిషాలకు ఛాతీ బిగిసి దగ్గు, పిల్లికూతలు వస్తే ఉబ్బసం వైపు ఆలోచించాలి. చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో, పొగాకు బ్యారన్లు కాల్చే రోజుల్లో, మిరపకాయలు దంచే ఇళ్ళలో ఇది ఎక్కువవుతుందా అని కూడా అడగండి. కదలకుండా కూర్చుని హోంవర్క్ రాస్తుండగా ఎడమ రొమ్ము కింద సూదితో పొడిచినట్టు వచ్చి, ఊపిరి పీలిస్తే ఎక్కువై, రెండు మూడు నిమిషాల్లో దానంతటదే పోతే అది నిరపాయకరమైన పట్టు. మందు అక్కర్లేదు. భయపడుతూనే ఒక్కసారి గట్టిగా ఊపిరి పీలిస్తే టక్కున వదిలేస్తుంది చాలామందికి.

రెండో ప్రశ్న సొమ్మసిల్లడం గురించి. ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి కళ్ళు తిరిగి పడడం వేరు, పరుగెడుతూ పరుగెడుతూ కుప్పకూలడం వేరు. రెండోది ఒక్కసారి జరిగినా ఎకో (గుండె స్కాన్) తీసేదాకా ఆటలు బంద్.

మూడోది ఇంటి చరిత్ర. "మీ ఇంట్లో గుండె జబ్బులున్నాయా?" అంటే 70 ఏళ్ళ తాతకు వేసిన స్టెంటు గురించి చెబుతారు. అది మనకు పనికిరాదు. "మీ రెండువైపుల వాళ్ళలో చిన్న వయసులోనే, 50 లోపు, నిద్రలో గానీ, పరుగులో గానీ, ఈత వచ్చి కూడా నీళ్ళలో గానీ ఉన్నట్టుండి పోయినవాళ్ళున్నారా?" అని అడగండి. మేనరికం సంబంధమా అన్నది తప్పక అడగాలి. పుట్టుచెవుడు ఉన్న బిడ్డ ఏడ్చినప్పుడో, భయపడినప్పుడో స్పృహ తప్పుతుంటే దాన్ని మూర్ఛ అనుకుని ఏళ్ళ తరబడి ఫిట్స్ మందులు వాడేస్తుంటారు. అసలు లోపం గుండె కరెంటులో ఉండొచ్చు, ఒక్క ఈసీజీతో బయటపడుతుంది.

నాలుగోది జ్వరం. ఇప్పుడుందా, రెండు వారాల్లోపు వచ్చి పోయిందా, మూడు వారాల కిందట గొంతు నొప్పి వచ్చిందా, కీళ్ళు ఒకటి తగ్గి ఇంకొకటి వాస్తున్నాయా? ఇంట్లో టీబీ మందులు వాడుతున్నవాళ్ళున్నారా? చిన్నప్పుడు అయిదు రోజులకు మించిన జ్వరంతో కళ్ళు, పెదాలు ఎర్రబడి ఆసుపత్రిలో ఉన్నాడా? ఈ చివరిదాన్ని ఎవరూ తమంతట చెప్పరు. అది కవసాకి జబ్బైతే గుండె రక్తనాళాల్లో ఉబ్బు మిగిల్చి ఉండొచ్చు.

పదేళ్ళు దాటిన పిల్లలతో కొంతసేపు తల్లిదండ్రులు లేకుండా మాట్లాడాలి. పరీక్షల భయం, హాస్టల్లో బెదిరింపులు, ఇంట్లో తండ్రి తాగి చేసే గొడవ, ఎవరైనా చెయ్యి వేయడం లాంటివి అప్పుడే బయటికొస్తాయి. ఇటీవల బంధువుల్లో ఎవరైనా గుండెపోటుతో చనిపోయారా అనీ అడగండి. ఆ చావు చూసిన పిల్లలకు నెలలోపు నొప్పి మొదలవడం మామూలే.

చొక్కా విప్పించి చూడాలి

చొక్కా మీద స్టెత్ పెట్టి వినడం పరీక్ష కాదు. ఆడపిల్లలైతే తల్లి లేదా నర్సు పక్కన ఉండాలి.

ఊపిరి నిమిషం పాటు పూర్తిగా లెక్కపెట్టండి, 15 సెకన్లు లెక్కేసి నాలుగుతో గుణించకండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40 వస్తే వేగమే. అంతకు పైబడ్డ పిల్లల్లో 30 దాటితే ఆలోచించాలి. ఒకవైపు గాలి వినపడకపోతే రెండు దారులు: వేలితో తట్టినప్పుడు మొద్దుగా ఉంటే నీరో చీమో, డప్పులా మోగితే గాలి చేరింది. ఒంటిమీద సెగ్గడ్డ వచ్చి తగ్గిన వారం రెండు వారాలకు జ్వరం, ఒకవైపు నొప్పి వస్తే ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి ఉండొచ్చు, ఎక్స్‌రే ఆలస్యం చేయొద్దు. గట్టిగా దగ్గిన ఉబ్బసం బిడ్డ మెడ మీద వేళ్ళతో నొక్కితే బొరుగులు నలిగినట్టు చిటపటలాడితే చర్మం కిందికి గాలి జారింది.

తర్వాత వేళ్ళ పని. ఛాతీ ఎముక పైభాగంలో ఒక గుబ్బ తగులుతుంది, దానికి ఆనుకున్నది రెండో పక్కటెముక. అక్కణ్ణుంచి ఆరో ఎముక దాకా, ఎముక మృదులాస్థిలో కలిసేచోట చూపుడువేలు కొనతో ఒక్కొక్కటే నొక్కుతూ దిగండి. నొప్పి లేనివైపు ముందు నొక్కితే బిడ్డకు తేడా తెలుస్తుంది. "నొప్పిగా ఉందా?" అని అడగొద్దు, ఎవరిని నొక్కినా ఉందనే అంటారు. "నీకు రోజూ వచ్చే నొప్పి ఇదేనా, వేరేదా?" అనండి. ఇదే అంటే పక్కటెముకల కీళ్ళ వాపు. చేతులు వెనక్కి లాగి, తల పైకెత్తమంటే అదే నొప్పి మళ్ళీ రావడం దానికి తోడు సాక్ష్యం. కింది పక్కటెముకల అంచు కిందికి వేళ్ళు వంచి పైకి లాగితే టక్కుమని నొప్పి వస్తే అక్కడి ఎముక జారుతోంది.

కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడ్ నీళ్ళ భయంతో ఇంటింటికీ 20 లీటర్ల క్యాన్లే. ఆ క్యాను 20 కిలోలు. ఆరో తరగతి పిల్లవాడు సైకిల్ మీంచి దించి, ఛాతీకి ఆనించుకుని మెట్లెక్కించి, మర్నాటికి గుండెల్లో నొప్పంటాడు. తల్లికి ఆ క్యాను గుర్తే రాదు. ఒక భుజానికే వేలాడే బడిసంచి, కొత్తగా మొదలెట్టిన దండీలు కూడా అంతే. ఈ రకానికి ఐబుప్రోఫెన్ కిలోకు 5 నుంచి 10 మి.గ్రా. చొప్పున అన్నం తిన్నాక, 8 గంటలకోసారి, అయిదు రోజులు. జ్వరం ఉండి డెంగీ అనుమానం ఉంటే అది వద్దు, పారాసెటమాల్ కిలోకు 10 నుంచి 15 మి.గ్రా., ఆరు గంటలకోసారి. బరువులు రెండు మూడు వారాలు ఆపాలి. నెలల తరబడి వచ్చిపోతూ ఉండొచ్చని ముందే చెప్పకపోతే వారం తర్వాత ఇంకో ఆసుపత్రిలో ఎకో కోసం నిలబడతారు.

8 నుంచి 13 ఏళ్ళ ఆడపిల్లల్లో, 12 దాటిన మగపిల్లల్లో కూడా, చనుమొన వెనక బిళ్ళలా గట్టిగా తగిలి నొప్పి పెడితే అది ఎదుగుదల. సిగ్గుపడి గుండె నొప్పి అంటారు. ఒక్క మాటతో తేలిపోయే భయం.

వేలితో నొక్కితే నొప్పి ఉంది కదా అని పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను కొట్టేయకండి. పరుగులో పడిపోయిన బిడ్డకు పక్కటెముక నొప్పి కూడా ఉండొచ్చు.

గుండెను పడుకోబెట్టి ఒకసారి, గొంతుక్కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడగానే ఒకసారి వినాలి. మామూలు మర్మరు (గుండె చప్పుళ్ళ మధ్య వినిపించే అదనపు శబ్దం) నిలబడితే తగ్గుతుంది. నిలబడగానే పెద్దదైతే గుండె కండరం మందమైన జబ్బును అనుమానించాలి. ముందుకు వంగి కూర్చుంటే నొప్పి తగ్గి, పడుకుంటే ఎక్కువైతే, స్టెత్‌లో తోలు రుద్దుకున్న చప్పుడు వస్తే గుండె పొర వాపు. తొడమూలంలో నాడి చూడండి, అందకపోతే చేతిలోనూ కాలిలోనూ బీపీ కొలవండి. కఫ్ లోపలి సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలి. పెద్దవాళ్ళ కఫ్ చుడితే బీపీ తక్కువ చూపిస్తుంది.

గ్యాస్ అని పొరబడే జబ్బు

ప్రాణాలు పోయే పొరపాటు ఇది కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. రెండు మూడు రోజుల జ్వరం, వాంతులు, బొడ్డు పైన నొప్పి, నీరసం. చూడగానే గ్యాస్ అనో, నీరు తగ్గిందనో అనిపిస్తుంది. పాంటాప్ ఇంజెక్షన్, సెలైన్ బాటిల్. కొందరిలో అది వైరస్ వల్ల గుండె కండరం వాచిన మయోకార్డైటిస్, సెలైన్ ఎక్కిన గంటలో ఆయాసం మొదలవుతుంది.

గుర్తుపట్టే దారి నాడిలోనే ఉంది. జ్వరం ఒక సెల్సియస్ డిగ్రీ పెరిగితే నాడి సుమారు 10 పెరుగుతుంది. ఎనిమిదేళ్ళ బిడ్డ మామూలుగా 80, 100 మధ్య ఉంటాడు. 38.5 డిగ్రీల జ్వరంలో 115, 120 అర్థం చేసుకోవచ్చు. నిద్రలో కూడా 150 ఉంటే, పారాసెటమాల్‌తో జ్వరం దిగినా నాడి దిగకపోతే, ఆ లెక్క జ్వరానికి సరిపోదు. రెండోది కాలేయం. సెలైన్ పెట్టే ముందు కుడి డొక్క కింద కాలేయం అంచు వెతికి పెన్నుతో గీత గీయండి. నీరు నిజంగా తగ్గిందనిపించి ఇవ్వాల్సి వస్తే కిలోకు 10 మి.లీ. కంటే ఎక్కువ ఒక్కసారిగా వద్దు, నెమ్మదిగా ఇచ్చి మళ్ళీ చూడండి. అంచు గీత దాటి కిందికి దిగినా, ఊపిరితిత్తుల్లో చిటపటలు మొదలైనా అక్కడే ఆపి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి పంపండి. గుండె కండరం దెబ్బతిందా అని చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష ఇలాంటి బిడ్డకే. పక్కటెముక నొప్పికి రాస్తే డబ్బులు దండగ.

ఎర్ర తేలు

పుస్తకాల్లో ఛాతీ నొప్పి కింద దీన్ని వెతికితే దొరకదు. మన మెట్ట ఊళ్ళలో రాళ్ళగుట్టలు, కట్టెల మోపులు, వేరుశనగ కట్టె మధ్య ఆడుకునే పిల్లలకు మాత్రం ముందు అడగాల్సిన ప్రశ్న. నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బ చూడడానికే భయం. ప్రాణం తీసేది చిన్న ఎర్ర తేలు. కుట్టినచోట నొప్పి అంతగా లేకపోయినా, వాంతులు, ఒళ్ళంతా చెమట, చొంగ, మగపిల్లల్లో అంగం గట్టిపడడం, చేతులు కాళ్ళు ఐసులా చల్లబడడం కనిపిస్తే విషం గుండెకు ఎక్కుతున్నట్టు. తర్వాత గుండెల్లో బిగువు, దగ్గు, నురగ.

దీనికి ప్రజోసిన్ మాత్ర కిలోకు 30 మైక్రోగ్రాములు, నోటి ద్వారా. 15 కిలోల బిడ్డకు 450 మైక్రోగ్రాములు, అంటే 1 మి.గ్రా. బిళ్ళలో సగం కంటే కొంచెం తక్కువ. చేతులు కాళ్ళు వెచ్చబడేదాకా మూడు గంటలకోసారి. ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్న బిళ్ళ దీనికి పనికిరాదు, అది రోజంతా నెమ్మదిగా కరగడానికి చేసింది, విరిస్తే మోతాదు ఒక్కసారిగా దిగుతుంది. మామూలు బిళ్ళే స్టాకు పెట్టుకోండి. మొదటి మోతాదు తర్వాత బిడ్డను లేవనివ్వొద్దు, ఎత్తుకుని నిలబెట్టొద్దు, బీపీ పడిపోతుంది. తేలు విషానికి విరుగుడు సీరం దొరికే ఆసుపత్రికి వెంటనే కదిలించాలి. అవిల్, డెక్సా ఇంజెక్షన్లతో ప్రయోజనం లేదు. అట్రోపిన్ చెడు చేస్తుంది.

మింగినవి

ఉన్నట్టుండి చొంగ కారుస్తూ, మింగలేక, ఎద మధ్యలో నొప్పంటే మెడ నుంచి పొట్ట దాకా ఒక ఎక్స్‌రే. గుండ్రటి నీడ అంచులో రెండో వలయం కనిపిస్తే అది రూపాయి బిళ్ళ కాదు, రిమోట్‌లోనో బొమ్మలోనో ఉండే బటన్ బ్యాటరీ. రెండు గంటల్లో అన్నవాహికను కాల్చేస్తుంది. మింగి 12 గంటలు దాటని, ఏడాది నిండిన, మింగగలిగే బిడ్డకు దారిలో 10 నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె, ఆరుసార్ల దాకా. తేనె కోసం బండి ఆపొద్దు. వాంతి చేయించొద్దు.

మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ గుటక నీళ్ళతో వేసుకుని పడుకున్న పిల్లలకు మర్నాడు ఎదలో మంట వస్తుంది. గ్లాసు నిండా నీళ్ళు, అరగంట కూర్చోవడం చాలు.

ఈసీజీ తీసేటప్పుడు

శ్రమలో నొప్పి, సొమ్మసిల్లడం, దడ, ఇంటి చరిత్ర, జ్వరంతో నొప్పి, పరీక్షలో తేడా, వీటిలో ఏదున్నా తీయాలి. ఎరుపు కుడిచెయ్యి, పసుపు ఎడమచెయ్యి, ఆకుపచ్చ ఎడమకాలు, నలుపు కుడికాలు. చేతులు తారుమారైతే ఒకటో లీడ్ మొత్తం తలకిందులుగా వచ్చి లేని జబ్బు పుట్టుకొస్తుంది. చిన్న ఛాతీ మీద జెల్లీ ఒకచోటి నుంచి పక్కదానికి కారితే అన్ని ఛాతీ లీడ్లూ ఒకేలా కనిపిస్తాయి, చుక్క చాలు.

మెషిన్ పైన అచ్చయ్యే రిపోర్టును చదవకండి. అది పెద్దవాళ్ళ కొలతలతో రాస్తుంది. ఛాతీ లీడ్లలో వీ1 నుంచి వీ3 దాకా టీ అల తలకిందులుగా ఉండడం పిల్లల్లో మామూలు. దాన్నే "ఇస్కీమియా" (గుండెకు రక్తం చాలడం లేదు) అని అచ్చేస్తే తండ్రి రాత్రికి రాత్రే కారు మాట్లాడుకుని చెన్నై బయలుదేరతాడు. వీ5, వీ6లో తలకిందులైతే మాత్రం మామూలు కాదు. నాడి వేగానికి సవరించిన క్యూటీ 460 మిల్లీసెకన్లు దాటినా, పీఆర్ చిన్నదై క్యూఆర్‌ఎస్ మొదట్లో ఏటవాలు కనిపించినా, దాదాపు అన్ని లీడ్లలో ఎస్‌టీ లేచి పీఆర్ కిందికి జారినా, గీతలన్నీ పొట్టిగా ఉన్నా పంపాలి. ఈసీజీ బాగుందని పరుగులో పడిపోయిన బిడ్డను ఇంటికి పంపడం తప్పు. గుండె రక్తనాళం పుట్టుకతోనే తప్పుచోటి నుంచి మొదలైన పిల్లల్లో విశ్రాంతిగా తీసిన ఈసీజీ చక్కగా ఉంటుంది.

పంపేటప్పుడు

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగం ముందు మెట్టు. పుట్టుకతో వచ్చిన గుండె లోపం తేలితే తిరుపతిలో టీటీడీ 2021లో తెరిచిన శ్రీపద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ఉంది. 18 ఏళ్ళ లోపు బడి పిల్లలకు ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం ద్వారా, శస్త్రచికిత్సకు ఎన్టీఆర్ వైద్య సేవ ద్వారా దారి ఉంది. రేషన్ కార్డు, బిడ్డ ఆధార్ మొదటి రోజే వెంట తీసుకెళ్ళమనండి, వాటి కోసం మళ్ళీ ఊరికి తిరగకుండా.

చీటీలో "ఛాతీ నొప్పి, కార్డియాలజీకి" అని రాస్తే అవతలి డాక్టరు మళ్ళీ మొదటి నుంచి అడగాలి. నొప్పి వచ్చినప్పుడు ఏం చేస్తున్నాడు, స్పృహ తప్పాడా, నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం, కాలేయం ఎంత దిగింది, ఏ మందు ఏ గంటకు ఇచ్చారు, ఎంత సెలైన్ ఎక్కింది, ఇవి నాలుగు వరుసల్లో పడతాయి. నొప్పి లేదా దడ ఉన్నప్పుడు తీసిన ఈసీజీ మళ్ళీ దొరకదు, అసలు కాగితమే బిడ్డతో పంపి, జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. అది వేడికి నల్లబడే కాగితం. మే నెల ఎండలో బండి డాష్‌బోర్డు మీద పెడితే గీతలు కలిసిపోతాయి. ఫోన్లో ఒక ఫోటో తీసి తండ్రికి కూడా పంపండి.